చెమ్మగోడకు జిప్సం ముసుగు వద్దు

గోడ పెచ్చులూడింది. మళ్లీ సిమెంటు పూతంటే మేస్త్రీ, ఇసుక, రోజుల తరబడి తడి. అందుకే జిప్సం బోర్డు తెచ్చి తామే బిగించుకోవాలని చూసేవారున్నారు. పని నేర్చుకోదగిందే. కాని ముందు చూడాల్సింది బోర్డును కాదు, గోడను.

రెండు అట్టల మధ్య జిప్సం, అదే బోర్డు. చెమ్మ తగిలితే అట్ట బూజు పడుతుంది, జిప్సం మెత్తబడుతుంది. గోడకు పాలిథిన్ కాగితం నాలుగంచులా అంటించి ఒక రోజు ఉంచాలి. లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తే చెమ్మ గోడలోనే ఉన్నట్టు. పైపు కారుతోందేమో చూసి, దాన్ని బాగుచేయించాకే బోర్డు సంగతి.

గోడ ఆరాక మెయిన్ స్విచ్ ఆపి, జీఐ ఛానెళ్లను రెండేసి అడుగుల ఎడంతో నిట్టనిలువుగా బిగించాలి. 12.5 మిల్లీమీటర్ల బోర్డును ఒకవైపు కత్తితో గీసి వంచితే విరుగుతుంది. వెనక కాగితం కోస్తే సరి. నేలకు అర అంగుళం ఎడం వదిలితే ఇల్లు కడిగిన నీళ్లు బోర్డు పీల్చదు. స్క్రూ తల కాస్త లోపలికి దిగాలి, కాగితం చిరగకూడదు. చిరిగితే పట్టుండదు.

అతుకుల మీద టేపు వేసి, పూత పూతకూ ఆరనివ్వాలి. ఇక్కడ తొందరపడితే రంగు వేశాక గీతలు బయటపడతాయి.