నాలుగవది ముందు, ఒకటవది తరువాత

పిల్లలూ! సికింద్రాబాదులోని లాలాగూడలో రైలుపెట్టెల వర్క్‌షాపు ఉన్నదని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. నైజాం రైల్వే నాటిది. కొంతకాలం తిరిగిన పెట్టెలు అక్కడికి వచ్చి, చక్రాలూ బ్రేకులూ విప్పించుకుని, బాగుపడి మళ్ళీ పట్టాలమీదికి వెళతాయి. ఈసారి స్టేషనులో నిలబడినప్పుడు పెట్టె పక్కన రాసి ఉండే పెద్ద సంఖ్యను చూడండి. అందులో మొదటి రెండు అంకెలు సాధారణంగా ఆ పెట్టె తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. 09 అంటే 2009, 17 అంటే 2017. ఇంజను వెనకనే 17 ఉండవచ్చు, దాని వెనక 09, దాని వెనక 14. పుట్టిన వరుస వేరు, రైలులో నిలిచిన వరుస వేరు. ప్రయాణికుడికి దీనితో పనిలేదు; ఏ పెట్టె ముందున్నా ఊరు చేరుతాడు.

సినిమా కథల్లో కూడా ఇలాంటి గొలుసు ఒకటి ఉన్నది. అక్కడ మాత్రం వరుస తప్పితే చూసేవాడికి నష్టమే. దాని పేరు స్టార్ వార్స్.

అమెరికాలో జార్జ్ లూకాస్ అనే ఆయన 1977 మే నెలలో ఈ పేరుతో ఒక చిత్రం విడుదల చేశాడు. రోదసీ నౌకలు, మాట్లాడే మరమనుషులు, వెలుతురుతో చేసిన కత్తులు - ఇవన్నీ కలిపి ఒక దుష్ట సామ్రాజ్యంతో కొందరు సాహసులు చేసే యుద్ధం కథ. జనం విరగబడి చూశారు. అప్పుడు దానికి ఏ అంకే లేదు. 1980లో రెండవ చిత్రం వచ్చింది. తెర మీద మొదట కదిలే అక్షరాల్లో "ఐదవ భాగం" అని ఉన్నది! మొదటిదాని తరువాత ఐదవది ఎలా వస్తుందని ప్రేక్షకులు తెల్లబోయి ఉంటారు. 1981లో మొదటి చిత్రాన్ని మళ్ళీ విడుదల చేసినప్పుడు దానికి "నాలుగవ భాగం" అని పేరు తగిలించారు. 1983లో ఆరవది వచ్చింది. మరి ఒకటి, రెండు, మూడు ఎక్కడ?

అవి 1999లో, 2002లో, 2005లో వచ్చాయి. అంటే కథ వెనకభాగం ముందుగా వచ్చి, కథ మొదలు ఇరవై ఏళ్ళకు పైగా ఆలస్యంగా వచ్చిందన్న మాట. ఈ ఆలస్యానికి ఒక కారణం చాలా తమాషా అయినది. 1977లో రోదసీ నౌకలన్నీ బొమ్మలే. బజారులో అమ్మే ప్లాస్టిక్ ఓడల బొమ్మలూ, యుద్ధ ట్యాంకుల బొమ్మలూ కొని, వాటి ముక్కలు ఊడదీసి, నౌకల మీద అతికించారు. బొమ్మను నిలబెట్టి ఉంచి, కంప్యూటరు నడిపే కెమేరాను దాని ముందు కదిలిస్తే, తెరమీద నౌక దూసుకుపోతున్నట్టు కనిపించింది. కాని లూకాస్ మనసులో ఉన్న పెద్ద పెద్ద నగరాలనూ, వింత జంతువులనూ ఈ పద్ధతిలో చూపటం సాధ్యం కాదు. 1993లో జురాసిక్ పార్క్ చిత్రంలో కంప్యూటరుతో రాక్షసబల్లులను నడిపించారు. ఆ పని చేసినది లూకాస్ స్థాపించిన సంస్థే. అది చూచాక ఇక మొదటి మూడు భాగాలు తీయవచ్చునని ఆయనకు ధైర్యం వచ్చింది.

2012లో ఈ కథల హక్కులన్నీ డిస్నీ సంస్థ కొన్నది. ఆ తరువాత 2015, 2017, 2019 సంవత్సరాల్లో ఏడు, ఎనిమిది, తొమ్మిది భాగాలు వచ్చాయి. మధ్యలో, 2016లోనూ 2018లోనూ, అంకె లేని చిత్రాలు రెండు. మొత్తం 11. అన్నీ కలిపి సుమారు 25 గంటలు! టీవీ కథలను ఇందులో లెక్క వేయలేదు.

ఇప్పుడు వేసవి సెలవుల్లో ఇంట్లో కూర్చుని రోజుకొకటి చూద్దామనుకుంటే తగాదా మొదలవుతుంది. అంకెల వరుసన ఒకటి నుంచి తొమ్మిది దాకా చూడాలని చెల్లెలంటుంది; లెక్కల పుస్తకం అలాగే ఉంటుంది గదా! విడుదలైన వరుసన చూడాలని అన్న అంటాడు. ఇవి రెండూ కాక మూడవది కూడా ఉన్నది. 2011లో అమెరికాలో ఒక కంప్యూటరు నిపుణుడు నాలుగు, ఐదు చూచి, అక్కడ ఆగి, రెండు, మూడు భాగాలను ఫ్లాష్‌బ్యాక్ లాగా చూచి, చివరకు ఆరుకు రమ్మన్నాడు. ఒకటవ భాగాన్ని పూర్తిగా వదిలేయమన్నాడు. దీన్ని "మషెటీ వరుస" అంటారు. యుక్తి గొప్పదే. కాని ఒకటవ భాగంలో తొమ్మిదేళ్ళ కుర్రవాడు యంత్రాల పందెంలో దూసుకుపోతాడు. పిల్లలకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం కాబోలు అది. దాన్ని పిల్లల దగ్గరే దాచటం నాకు న్యాయంగా తోచలేదు.

అంకెల వరుసలో ఉన్న చిక్కు ఇది. 1980 నాటి చిత్రంలో ఒక రహస్యం బయటపడుతుంది. అదేమిటో ఇక్కడ చెప్పను. చెబితే ఈ వ్యాసం రాయటమే దండుగ. ఆ రహస్యాన్ని తీసినవాళ్ళు ఎంత జాగ్రత్తగా కాపాడారంటే, నటించేవాళ్ళలో కూడా చాలామందికి తెలియనివ్వలేదు. అదే చిత్రంలో ఇంకొక పాత్ర ఎవరో కొంతసేపటి దాకా మనకు తెలియకుండా నడిపారు. 2005 నాటి మూడవ భాగం తీసేనాటికి ఇవన్నీ లోకమంతటికీ తెలుసు. అందుచేత ఆ చిత్రం ఏదీ దాచదు; తెలిసినదే ఎలా జరిగిందో చూపుతుంది. అంకెల వరుసన చూచినవాడు మూడవ భాగంలోనే అంతా తెలుసుకుని, ఐదవ భాగం దగ్గరికి వచ్చేసరికి ఉలిక్కిపడడు. ఒకసారి తెలిసినదాన్ని తెలియనట్టు చేసుకోవటం ఎవరి తరమూ కాదు. రెండవసారి, పదవసారి ఎలాగైనా చూడవచ్చు. మొదటిసారి ఒక్కటే ఉంటుంది.

ఇదంతా వింటే మన తెలుగు భారతం జ్ఞాపకం వస్తుంది. 11వ శతాబ్దంలో నన్నయ ఆది, సభా పర్వాలు రాసి, అరణ్యపర్వం మధ్యలో ఆగాడు. 13వ శతాబ్దంలో తిక్కన దాన్ని ముట్టుకోక, విరాటపర్వంతో మొదలుపెట్టి చివరి 15 పర్వాలూ రాశాడు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన వచ్చి మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని పూర్తిచేశాడు. నన్నయ శైలితో మొదలుపెట్టి మెల్లిగా తిక్కన శైలిలోకి నడిపించాడని పండితులు మెచ్చుకుంటారు. లూకాస్ కూడా మూడవ భాగం చివరకు వచ్చేసరికి నౌకలనూ దుస్తులనూ 1977 నాటి వాటికి దగ్గర చేసి అతుకు వేశాడు. అయితే భారతాన్ని రాసిన వరుసన చదవమని ఎవరూ అనరు. అనవలసిన పనిలేదు. అరణ్యవాసం తరువాత యుద్ధం వస్తుందని, అందులో ఎవరు గెలుస్తారని తెలుగు పిల్లలకు నాయనమ్మ ముందే చెప్పేసి ఉంటుంది. అక్కడ దాచిన రహస్యం లేదు గనుక పర్వాల వరుసే సుఖం.

మన సినిమాల్లో ఇంకా ఇంత చిక్కు రాలేదు. "రోబో" 2010లో, దాని తరువాతి కథ "2.0" 2018లో వచ్చాయి, చూడటం కూడా అలాగే. "కల్కి 2898 ఏడీ" 2024 జూన్‌లో వచ్చింది. దానికి ముందుకథగా "బుజ్జి అండ్ భైరవ" అనే బొమ్మల కథ అంతకు నెల ముందు, మే 31న వచ్చింది. ఇక్కడ పుట్టిన వరుసా, కథ వరుసా ఒకటే.

విడుదల వరుసన చూచేవారికి ఇంకొక లాభం కూడా ఉన్నది. 1977 చిత్రంలో ఒక ఎడారి గ్రహంమీద ఇద్దరు సూర్యులు అస్తమిస్తారు. అప్పటికి అది కల్పన. 2011లో కెప్లర్ రోదసీ టెలిస్కోపు ద్వారా శాస్త్రజ్ఞులు నిజంగానే రెండు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాన్ని కనుక్కున్నారు. పేరు కెప్లర్-16బి. ఆ రెండు నక్షత్రాలూ 41 రోజులకొకసారి ఒకదానినొకటి చుట్టుకుంటాయి. గ్రహం 229 రోజుల్లో రెంటినీ చుట్టి వస్తుంది. దాని బరువు ఇంచుమించు శనిగ్రహమంత ఉంటుంది. కథ ఏ ఏట పుట్టిందో తెలిస్తేనే, కథ ముందా సైన్సు ముందా అన్నది తెలుస్తుంది. తప్పు కూడా పట్టుకోవచ్చు: ఆ చిత్రంలోనే ఒక నావికుడు తన వేగాన్ని గొప్పగా చెప్పుకుంటూ "పార్సెక్కు"లను కాలం కొలతలాగా వాడతాడు. పార్సెక్ దూరానికి కొలత, సుమారు 3.26 కాంతి సంవత్సరాలు.

పెద్దవాళ్ళకొక మనవి. 2005 నాటి మూడవ భాగం ఈ గొలుసులో బాగా భయంకరమైనది. అమెరికాలో కూడా దానిని అంతకు ముందరి ఐదింటికన్నా కఠినమైన తరగతిలో పెట్టారు. చిన్నపిల్లలుంటే మీరు ముందు చూడండి. ఇక రహస్యం తెలిసిన అన్నలూ అక్కలూ ఐదవ భాగం రోజున నోటికి తాళం వేసుకోవాలి. "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అనటం కూడా చెప్పటం కిందే లెక్క.

అంతా అయినాక, మళ్ళీ చూచేటప్పుడు ఒక పని చెయ్యండి. అంకె లేని 2016 చిత్రం, "రోగ్ వన్", చూచి, వెంటనే 1977 చిత్రం పెట్టండి. మొదటిది ముగిసిన కొద్దిసేపటికే రెండవది మొదలవుతుంది. కథలో వ్యవధి ఏమంత లేదు; తీసిన కాలానికి మధ్య 39 ఏళ్ళు. నౌకల్లో, గదుల్లో, మనుషుల జుట్టులో ఆ 39 ఏళ్ళూ ఎక్కడెక్కడ కనబడుతున్నాయో వెతికి ఒక కాగితం మీద రాయండి.