పెళ్లి ఓ రాష్ట్రంలో.. విడాకులు ఎక్కడ?

పెళ్లికి వచ్చే అడ్డంకుల మీద మనం బోలెడు సినిమాలు చూశాం. మరి విడిపోదామనుకుని కోర్టుకెళ్తే, ‘మీకు విడాకులు ఇవ్వడం మా వల్ల కాదు’ అని కోర్టే చెప్తే? 2004 తర్వాత దాదాపు పదకొండేళ్లు అమెరికాలో చాలామంది స్వలింగ జంటల పరిస్థితి ఇదే. ఆ కేసులు చదువుతుంటే నాకొకటి అర్థమైంది. పెళ్లి హక్కు అంటే ఒక్కటయ్యే హక్కే కాదు, గౌరవంగా విడిపోయే హక్కు కూడా!

మెలిక ఎక్కడుంది?

మన దగ్గర తిరుపతిలో పెళ్లి చేసుకుని హైదరాబాద్‌లో కాపురం ఉంటున్న హిందూ జంట, ఈ రెండు ఊళ్లలో ఎక్కడైనా విడాకుల కేసు వేయొచ్చు. అమెరికాలో లెక్క వేరు. పెళ్లి ఎక్కడ జరిగిందన్నది కాదు, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారన్నదే ముఖ్యం. టెక్సస్‌లో కేసు వేయాలంటే ఇద్దరిలో ఒకరైనా కనీసం ఆరు నెలలుగా ఆ రాష్ట్రంలో ఉండాలి. రోడ్ ఐలాండ్‌లో అయితే ఏడాది.

ఆడ, మగ జంటలకు దీంతో పెద్ద ఇబ్బంది లేదు. ఎక్కడ పెళ్లయినా, ఉంటున్న చోట కేసు వేసుకుంటారు. స్వలింగ జంటలకే చిక్కొచ్చి పడింది. 2004 మే 17న మసాచుసెట్స్ ఈ పెళ్లిళ్లు మొదలుపెట్టింది. చాలా రాష్ట్రాలు మాత్రం ‘మేం గుర్తించం’ అన్నాయి. అలా అనడానికి 1996లో వచ్చిన ‘డోమా’ అనే కేంద్ర చట్టం వాటికి వీలిచ్చింది.

దాంతో ఉంటున్న రాష్ట్రమేమో ‘మీకసలు పెళ్లే కాలేదు, ఇంక విడాకులేంటి?’ అంటుంది. పెళ్లయిన రాష్ట్రమేమో ‘ముందు ఇక్కడికొచ్చి కాపురం ఉండండి’ అంటుంది. విడాకుల కోసం ఉద్యోగం మానేసి, పిల్లల స్కూల్ మార్చి, ఇంకో రాష్ట్రానికి వెళ్లిపోవడం ఎంతమందికి కుదురుతుంది?

డిక్షనరీ తీసిన కోర్టు

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రోడ్ ఐలాండ్ కేసు. ఆ రాష్ట్రానికి చెందిన ఇద్దరు మహిళలు పక్కనే ఉన్న మసాచుసెట్స్‌లో 2004లో పెళ్లి చేసుకున్నారు. తర్వాత సొంత రాష్ట్రంలో విడాకులు అడిగారు. 2007 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు 3-2 తేడాతో కుదరదంది. కారణం? ఫ్యామిలీ కోర్టు చట్టం 1961 నాటిది. జడ్జీలు అప్పటి డిక్షనరీ తీసి, ‘మ్యారేజ్’ అంటే ఆడ, మగ పెళ్లే కాబట్టి ఈ కేసు వినే అధికారం ఆ కోర్టుకు లేదని తేల్చారు.

టెక్సస్‌లో ఇంకో మలుపు. మసాచుసెట్స్‌లో పెళ్లయిన ఇద్దరు మగవాళ్లు డాలస్‌లో విడాకులకు వెళ్తే, 2009లో కింది కోర్టు కేసు వింటానంది. రాష్ట్ర అటార్నీ జనరల్ అడ్డుపడ్డారు. విడాకులిస్తే పెళ్లయినట్టు ఒప్పుకున్నట్టే కదా అని ఆయన వాదన! 2010లో అప్పీలు కోర్టు రాష్ట్రం వైపే నిలబడింది. కావాలంటే ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లదని డిక్లరేషన్ తీసుకోవచ్చంది.

రెండూ ఒకటే కదా అనుకోకండి. విడాకులంటే ‘ఒకప్పుడు భార్యాభర్తలం, ఇప్పుడు కాదు’ అని. చెల్లదంటే ‘అసలు ఎప్పుడూ కాలేదు’ అని. అప్పుడు కలిసి కొన్న ఇల్లు, భరణం.. వీటిపై భాగస్వామిగా ఉండాల్సిన హక్కుకు ఆధారమే పోతుంది. పోనీ ఏదీ తేల్చకుండా వదిలేస్తే, మళ్లీ పెళ్లి చేసుకునేటప్పుడు పాత పెళ్లి అడ్డొస్తుంది.

తాళం ఎలా తెరుచుకుంది?

కాలిఫోర్నియా 2012 నుంచి ఒక దారి చూపించింది. తమ దగ్గర పెళ్లి చేసుకున్న స్వలింగ జంటలకు వాళ్లు ఉంటున్న చోట విడాకులు దొరక్కపోతే, తామే ఇస్తామంది. విదేశీ జంటల కోసం కెనడా 2013లో ఇలాంటి చట్టమే తెచ్చింది. చివరికి 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో అన్ని రాష్ట్రాలూ ఈ పెళ్లిళ్లను గుర్తించాల్సి వచ్చింది. దాంతో విడాకుల తలుపూ తెరుచుకుంది.

మరి మన సంగతి?

2023 అక్టోబరు 17న మన సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వలేదు. అది చట్టసభలు తేల్చాల్సిన విషయమంది. ఆ కేసు వేసినవాళ్లలో హైదరాబాద్ జంట కూడా ఉంది. ఇప్పుడు ఒక తెలుగు జంట డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో పెళ్లి చేసుకుని, వీసా అయిపోయి ఇంటికొచ్చేసిందనుకోండి. ఇక్కడి చట్టం లెక్కలో వాళ్లది పెళ్లే కాదు. మరి విడాకులు ఎవరిస్తారు? ఒకప్పుడు రాష్ట్రాల మధ్య ఉన్న గోడే, ఇప్పుడు దేశాల మధ్య ఉంది.

మీకు తెలిసినవాళ్లెవరైనా ఇలాంటి పెళ్లి చేసుకుంటుంటే, ‘వేరే చోట ఉంటున్నవాళ్లకు ఈ రాష్ట్రం విడాకులిస్తుందా?’ అని ముందే ఒక లాయర్‌ని అడగమనండి. తిరిగొచ్చేసే ఆలోచన ఉంటే మరీను. పెళ్లి ముందు విడాకుల మాటేంటని పెద్దవాళ్లు అనొచ్చు. కానీ ఆ మాట అడగకుండా అక్కడ ఇరుక్కుపోతే, ఇక్కడి నుంచి విప్పడం చాలా కష్టం.