92 ఏళ్ల మెదడు ఎలా చురుగ్గా ఉంది?

మలేషియాలో మహతిర్ మొహమ్మద్ 2018లో మళ్లీ ప్రధాని అయ్యేనాటికి ఆయనకు 92 ఏళ్లు! కొంత అదృష్టమే అనుకోండి. మిగతాది అలవాట్లు: మితంగా తినడం, చదవడం, రాయడం.

మెదడు మన బరువులో 2 శాతమే. కానీ ఒంటి శక్తిలో దాదాపు 20 శాతం అదే తినేస్తుంది, తిండిపోతు! ఆ శక్తిని మోసుకొచ్చేది రక్తం. ఉప్పు, తీపి మితిమీరితే బీపీ, షుగరు పెరిగి సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. రోజూ నడిస్తే అవి ఆరోగ్యంగా ఉంటాయి. మీ ఇంట్లో తాతగారు కొత్త పాటో, భాషో నేర్చుకుంటే నాడీకణాల మధ్య కొత్త దారులు పడతాయి.

ఇక తిండి సంగతికొస్తే, మలేషియాలో మలయ్ భోజనంలో 'ఉలమ్' అనే పచ్చి ఆకులు వడ్డిస్తారు. వాటిలో ఒకటైన పెగాగా అంటే మన సరస్వతి ఆకే! జ్ఞాపకశక్తి పెంచుతుందని రెండుచోట్లా నమ్మకం. రుజువులు ఇంకా చాలవు కానీ, ఆకుకూరగా తినడానికేం?