నెమెసిస్: నదుల్లోకి దూరిన ఇనుప ఓడ

నల్లమందు యుద్ధం మన పాఠ్యపుస్తకాల్లో రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది. ఇంగ్లండుకీ చైనాకీ యుద్ధం జరిగింది, చైనా ఓడిపోయింది, 1842లో నాన్కింగ్ సంధి కుదిరింది, హాంకాంగ్ ఇంగ్లండు చేతికి వెళ్లింది. బిట్ పేపర్‌లో ఒక మార్కు. నేనూ పదో తరగతిలో అలాగే బట్టీపట్టి రాసి మార్కు తెచ్చుకున్నాను. అంత పెద్ద దేశం, కోట్ల జనం ఉన్న దేశం, ఎక్కడో వేల మైళ్ల దూరం నుంచి ఓడల్లో వచ్చిన కొన్ని వేలమందికి ఎలా లొంగిపోయిందని అప్పుడు నాకు తట్టలేదు. పీజీలో చరిత్ర చదువుతున్నప్పుడు తట్టింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ఒక ఓడ. దాని పేరు నెమెసిస్. గ్రీకుల పురాణాల్లో ప్రతీకారం తీర్చే దేవత పేరు అది.

ముందు యుద్ధం ఎందుకొచ్చిందో నాలుగు మాటల్లో చెబుతాను. ఇంగ్లండువాళ్లకి చైనా టీ కావాలి. చైనావాళ్లకి ఇంగ్లండు సరుకు పెద్దగా అక్కర్లేదు. అందుకని టీ కొనాలంటే వెండి పోయాల్సి వచ్చేది. ఈస్టిండియా కంపెనీ దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. బీహార్, బనారస్ ప్రాంతాల రైతులకి ముందే అడ్వాన్సులిచ్చి గసగసాల పంట వేయించి, పాట్నాలోనూ ఘాజీపూర్‌లోనూ నల్లమందు తయారు చేయించి, కలకత్తాలో వేలం వేసేది. కొన్న ప్రైవేటు వ్యాపారులు దాన్ని చైనాకి దొంగతనంగా చేరవేసేవారు. చైనా చట్టం ప్రకారం నల్లమందు నిషేధం. కంపెనీ మాత్రం, మేం కలకత్తాలో అమ్ముకున్నాం, తర్వాత సంగతి మాకు తెలియదని చేతులు దులుపుకునేది. 1839లో లిన్ జెషు అనే అధికారి 20 వేలకు పైగా నల్లమందు పెట్టెల్ని స్వాధీనం చేసుకుని, హుమెన్ దగ్గర గుంటలు తవ్వించి, ఉప్పునీళ్లలో సున్నం కలిపి కరిగించి సముద్రంలోకి వదిలేయించాడు. నష్టపరిహారం కోసం ఇంగ్లండు యుద్ధానికి దిగింది. 1840 ఏప్రిల్‌లో బ్రిటిష్ పార్లమెంటులో దీని మీద పెద్ద చర్చ జరిగింది. ప్రభుత్వం కేవలం 9 ఓట్ల తేడాతో గట్టెక్కింది. కానీ ఆ ఓట్లు పడక ముందే, మార్చి 28నే, నెమెసిస్ పోర్ట్స్‌మత్ రేవు విడిచి వెళ్లిపోయింది!

ఈ ఓడ కట్టించింది కంపెనీలోని రహస్య సంఘం. లండన్ కంపెనీ ఆఫీసులో పెద్ద ఉద్యోగిగా ఉన్న థామస్ లవ్ పీకాక్ ఆవిరి ఓడల కోసం పట్టుబట్టాడు. ఈయన పేరున్న నవలా రచయిత కూడా. 1839లో బిర్కెన్‌హెడ్‌లోని జాన్ లెయర్డ్ కార్ఖానాలో మూడు నెలల్లోనే ఓడ తయారైంది. రేవు దాటేటప్పుడు పైకి చెప్పింది ఒడెస్సా వెళ్తున్నామని! ఒడెస్సా నల్లసముద్రం ఒడ్డున ఉంది. చైనాకీ దానికీ పొంతనే లేదు.

ఇనుప ఓడ ఎలా తేలుతుందని తమ్ముళ్లు అడగొచ్చు. హాస్టల్ తొట్టిలో మన స్టీలు కంచాన్ని నిలువుగా వేస్తే బుడుంగున మునుగుతుంది. వెల్లకిలా మెల్లగా పెడితే తేలుతుంది. నాలుగు స్పూన్లు వేసినా తేలుతుంది. బరువు ఎంతన్నది ఒక్కటే కాదు, ఆ బరువు ఎన్ని నీళ్లను పక్కకి తోస్తోందన్నది లెక్క. ఎనిమిదో తరగతిలో చదివిన ఆర్కిమెడీస్ సూత్రమే. పైగా గట్టి ఓడ కట్టాలంటే చెక్క చాలా మందంగా వేయాలి, ఇనుప రేకు పల్చగా వేసినా సరిపోతుంది. కాబట్టి అదే సైజు చెక్క ఓడ కంటే ఇనుప ఓడ తేలిక. వినడానికి తలకిందుగా ఉంటుంది గానీ నిజం.

అసలు కిటుకు అక్కడే ఉంది. నెమెసిస్ పొడవు 184 అడుగులు, వెడల్పు 29 అడుగులు. అంత ఓడ నీళ్లలోకి దిగేది మాత్రం సుమారు ఆరడుగులే. అంటే మన ఊరి వ్యవసాయ బావిలో ఉండేపాటి లోతు చాలు. అడుగు భాగం కంచంలా బల్లపరుపుగా ఉండేది. అలాంటి ఓడ సముద్రంలో గాలికి పక్కకి కొట్టుకుపోతుంది. అందుకని పైకీ కిందకీ జరిపే రెండు పలకలు అమర్చారు. సముద్రంలో వాటిని కిందికి దించుతారు, నదిలోకి వచ్చాక పైకి లాగేస్తారు. రెండు పక్కలా తెడ్డు చక్రాలు, వాటిని తిప్పడానికి 120 గుర్రాల శక్తి గల ఆవిరి యంత్రాలు. ముందొకటి వెనకొకటి 32 పౌన్ల గుండ్లు వేసే ఫిరంగులు, అవీ ఎటు కావాలంటే అటు తిప్పుకునేవి. అవి కాక చిన్న ఇత్తడి ఫిరంగులు, రాకెట్లు వదిలే గొట్టం. ఓడ కడుపుని ఇనుప గోడలతో గదులు గదులుగా విడగొట్టారు. ఒక గదికి చిల్లు పడితే ఆ గదిలోకే నీళ్లు వస్తాయి, మిగతా ఓడ తేలుతూ ఉంటుంది. ఇంగ్లండు తీరం దాటక ముందే ఒక రాతికి గుద్దుకున్నప్పుడు ఇదే ఓడను కాపాడింది.

ఇంకో చిక్కుంది. ఓడంతా ఇనుమైతే దిక్సూచి ముల్లు ఉత్తరం చూపిస్తుందా, ఓడనే చూపిస్తుందా? ఈ సమస్యకి రాజ ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఏరీ అంతకు కొద్దికాలం ముందే పరిష్కారం కనుక్కున్నాడు. దిక్సూచి పక్కన లెక్క ప్రకారం అయస్కాంతాలూ ఇనుప ముక్కలూ పెట్టి, ఓడ లాగే లాగుడుని విరగ్గొట్టడం. నెమెసిస్ మీద ఆ పద్ధతే వాడారు. ఇది లేకపోతే ఇనుప ఓడలు తీరం కనపడేంత దూరంలోనే తిరగాల్సి వచ్చేది.

కెప్టెన్ విలియం హచియన్ హాల్. ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి. గుడ్‌హోప్ అగ్రం చుట్టివచ్చిన మొట్టమొదటి ఇనుప ఓడ ఇదే. దారిలో బొగ్గు పొదుపు చేయడానికి ప్రిన్సిపె అనే దీవిలో దిగి కట్టెలు కొట్టుకుని ఓడలో నింపుకున్నారు. గాలి అనుకూలిస్తే తెరచాపలు ఎత్తేవారు. 1840 జూలైలో ఆఫ్రికా ఆగ్నేయ తీరంలో పెద్ద తుఫాను. ఒక అల ముందుభాగాన్నీ మరో అల వెనకభాగాన్నీ ఎత్తి పట్టుకుంటే నడుమ కిందికి వంగింది, తెడ్డు చక్రాల దగ్గర రెండు పక్కలా ఇనుము నిలువునా చీలింది. చీలిక పెరిగి ఏడడుగుల దాకా వెళ్లింది. చీలిక మీద పలకలు బిగించి ఎలాగో డెలగోవా అఖాతం, అంటే ఇప్పటి మొజాంబిక్‌లోని మపూతో దాకా లాక్కొచ్చారు. అక్కడ తమ దగ్గరున్న ఇనుప రేకులతో మరమ్మతు చేసుకున్నారు. అక్టోబరులో సింహళంలోని గాలె రేవుకి వచ్చారు. చైనా వెళ్లమని ఆర్డర్లు అక్కడ అందాయి. నవంబరు 25న మకావు చేరారు.

1841 జనవరి 7న చుయెన్‌పి కోటల మీద దాడి. కాంటన్‌కి వెళ్లే నది ముఖద్వారం అది. పెద్ద యుద్ధ ఓడలు లోతు నీళ్లలో నిలబడి కోటల్ని కొడుతుంటే, చైనా యుద్ధ పడవలు లోతు తక్కువున్న చోటికి చేరి, ఇక్కడికి ఎవరూ రాలేరన్న ధైర్యంతో ఉన్నాయి. చెక్క ఓడలకైతే ఆ ధైర్యం నిజమే. నెమెసిస్ నేరుగా వాటి మధ్యకి వెళ్లింది. అది వదిలిన రాకెట్ ఒకటి ఒక పెద్ద పడవలో మందుగుండు మీద పడి, పడవా అందులో మనుషులూ ఒక్కసారిగా పేలిపోయారు. ఆ ఒక్క పూటలో పదకొండు దాకా యుద్ధ పడవలు నాశనమయ్యాయి. ఆ నెల 26న హాంకాంగ్ మీద బ్రిటిష్ జెండా ఎగిరింది. చైనా నౌకాదళ సేనాని గువాన్ తియన్‌పెయ్ ఫిబ్రవరి 26న తన కోటలోనే పోరాడుతూ చనిపోయాడు. మార్చిలో నెమెసిస్ మకావు నుంచి కాంటన్ వైపు, విదేశీ యుద్ధ ఓడ ఎన్నడూ వెళ్లని పాయల గుండా, దారిలో కోటల్ని కూలుస్తూ మూడు రోజుల్లో దూసుకెళ్లింది. కొన్నిచోట్ల పాయ ఎంత ఇరుకంటే ఓడ తిరగడమే కష్టం.

ఇక్కడ మన సంగతి ఒకటుంది. చైనాకి వెళ్లిన సైన్యంలో 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫంట్రీ అనే పటాలం ఉంది. మద్రాసు సైన్యంలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉండేవారు. ఉత్తరాదిన కంపెనీ సిపాయిని తిలంగా అని పిలవడం, మొదట్లో తెలుగు తీరం నుంచి వచ్చిన సిపాయిల్ని చూసే అలవాటైంది. సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఈ ఓడ కథ మా నాన్నకి చెబితే అంతా విని, "అయితే అందులో మనోళ్లు కూడా ఉన్నారా?" అనడిగాడు. ఫిరంగుల గురించి గానీ ఆవిరి గురించి గానీ ఏమీ అడగలేదు.

ఉన్నారు. 1841 మే 24న కాంటన్ నగరం మీద దాడికి సైన్యాన్ని పడవల్లో ఎక్కించి, ఆ పడవలన్నిటినీ తాడుకి కట్టి నెమెసిస్ నది మీదుగా లాక్కెళ్లింది. ఆ వరుసలో 37వ పటాలం కూడా ఉంది. నగరం వెనక కొండలు వాళ్ల చేతికి చిక్కాయి. నగరాన్ని వదిలేయడానికి చైనా అధికారులు 60 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నారు. కానీ ఊళ్లవాళ్లు ఒప్పుకోలేదు. సైనికులు పొలాల్లో, ఇళ్లలో, సమాధుల్లో చేసిన ఆగడాలకి మండిపోయి, సన్యువాన్‌లి చుట్టుపక్కల పల్లెల రైతులు వేలల్లో గుమిగూడారు. ఈటెలు, కత్తులు, పలుగుల్లాంటివి పట్టుకొచ్చారు. వాళ్ల మీదకి పోయిన సైన్యం తిరిగొచ్చే సమయానికి కుండపోత వాన. 37వ పటాలంలో ఒక కంపెనీ, సుమారు 60 మంది, దారి తప్పి వరి మడుల మధ్య చిక్కుబడిపోయింది.

వాళ్ల తుపాకులు చెకుముకి రాయి తుపాకులు. ట్రిగ్గర్ నొక్కితే రాయి ఉక్కుకి తగిలి నిప్పురవ్వ పుట్టి, చిన్న గిన్నెలోని మందుకి అంటుకోవాలి. మందు తడిస్తే తుపాకీ కర్రతో సమానం. ఆ వానలో ఒక్కటీ పేలలేదు. సిపాయిలు నాలుగు వైపులా మొహాలు పెట్టి చదరంగా నిలబడి, బాయ్‌నెట్లతో రైతుల్ని ఆపుకుంటూ గంటలు గడిపారు. వాళ్లని వెతుక్కుంటూ వచ్చిన బ్రిటిష్ మెరైన్ల దగ్గర కొత్తరకం తుపాకులున్నాయి. మందు ఉన్న రాగి టోపీ మీద సుత్తి పడి పేలే రకం, వానలోనూ పనిచేస్తుంది. అవి పేలాకే రైతులు వెనక్కి తగ్గారు. ఒకే సైన్యం, ఒకే యుద్ధం. తెల్లవాళ్ల చేతికి కొత్త తుపాకులు ముందొచ్చాయి, సిపాయిల చేతిలో పాతవే ఉన్నాయి. నా మటుకు నాకు ఈ యుద్ధం మొత్తంలో మర్చిపోలేని దృశ్యం ఇదే. రెండు వైపులా ఉన్నది రైతుబిడ్డలే. ఇటు జీతానికి వచ్చినవాళ్లు, అటు తమ పొలం కోసం వచ్చినవాళ్లు. సన్యువాన్‌లి పేరు చైనాలో ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు.

తర్వాత కథ ఉత్తరానికి జరిగింది. 1841 అక్టోబరులో తింగ్‌హాయ్, జెన్‌హాయ్, నింగ్‌బో. 1842 జూన్ 16న యాంగ్జీ ముఖద్వారం దగ్గర వూసాంగ్. గాలి కోసం ఎదురుచూసే పెద్ద తెరచాప ఓడల్ని ఆవిరి ఓడలు ఎడ్ల జతలా లాక్కెళ్లి, కోటల ఎదుట నిలబెట్టేవి. వూసాంగ్‌లో బ్రిటిష్ వాళ్లకి ఒక వింత కనబడింది. చైనావాళ్లూ తెడ్డు చక్రాల పడవలు తయారు చేశారు! వాటికి ఆవిరి యంత్రం లేదు, లోపల మనుషులు చక్రాల్ని తిప్పుతున్నారు. చైనాలో చక్రాల పడవలు వందల ఏళ్ల నాటి నుంచీ ఉన్నవే, శత్రువుని చూసి మళ్లీ బయటికి తీశారు. కొందరు చరిత్రకారులు దీన్ని ఎగతాళిగా రాశారు. నాకలా అనిపించలేదు. ఉన్నదానితో ఏడాదిలో అంత చేశారంటే బుద్ధి లేక కాదు, బాయిలర్ లేక.

జూలై 21న జెన్‌జియాంగ్ పడిపోయింది. దక్షిణాది బియ్యం పడవలు బీజింగ్ వెళ్లే మహా కాలువ యాంగ్జీని దాటేది అక్కడే. అది మూస్తే రాజధాని పొయ్యి ఆరిపోతుంది. లొంగిపోవడం ఇష్టంలేక అక్కడి మంచూ సైనికుల కుటుంబాలు కుటుంబాలే ప్రాణాలు తీసుకున్నాయి. ఆగస్టు 29న నాన్కింగ్ దగ్గర నదిలో, కార్న్‌వాలిస్ అనే ఓడ మీద సంధి పత్రాల మీద సంతకాలయ్యాయి. గ్రూప్స్‌కి చదివేవాళ్లు గుర్తుంచుకోండి: హాంకాంగ్ ఇవ్వాలి, కాంటన్, అమోయ్, ఫుచౌ, నింగ్‌బో, షాంఘై అనే ఐదు రేవులు తెరవాలి, 2 కోట్ల 10 లక్షల డాలర్లు కట్టాలి. అందులో 60 లక్షలు లిన్ కరిగించిన నల్లమందుకి ఖరీదు. నల్లమందు ఇకముందు అమ్మకూడదని మాత్రం ఎక్కడా లేదు.

యుద్ధం ముగిశాక 1843లో నెమెసిస్ కలకత్తా మీదుగా బొంబాయి వచ్చి డాక్ ఎక్కింది. అడుగు రేకుల మీద ఎన్నో చోట్ల సొట్టలున్నాయి, రాళ్లకి కొట్టుకున్న గుర్తులు. చెక్క ఓడైతే ఎప్పుడో పగిలిపోయేది. హాల్ రాసుకున్న వివరాలతో బెర్నార్డ్ అనే ఆయన 1844లో ఈ ఓడ ప్రయాణాల మీద పుస్తకం వేశాడు. ఆనాటి ఇంగ్లిష్ రాతల్లో అధికారుల పేర్లు వరుసగా ఉంటాయి, సిపాయిలు ఇంతమంది అన్న అంకెగానే ఉంటారు. అందుకని మా నాన్న ప్రశ్నకి ఉన్నారు అని చెప్పగలిగానే తప్ప ఒక్క పేరూ చెప్పలేకపోయాను.

ఓడ మాత్రం ఆగలేదు. సముద్రపు దొంగల్ని అణచాలన్న పేరుతో బోర్నియో తీరానికి పంపారు. 1849 జూలై 31 రాత్రి బెతింగ్ మారు అనే చోట అక్కడి దయాక్ తెగల పొడవాటి పడవల మధ్యకి వెళ్లి, ఫిరంగులతో కొన్నిటిని, తన తెడ్డు చక్రాల కింద తొక్కి కొన్నిటిని ముంచింది. చచ్చినవాళ్లంతా దొంగలేనా అని ఆ తర్వాత బ్రిటిష్ పార్లమెంటులోనే ప్రశ్నలు లేచాయి. హాల్ నౌకాదళంలో అడ్మిరల్ దాకా ఎదిగాడు, జీవితాంతం జనం ఆయన్ని నెమెసిస్ హాల్ అనే పిలిచారు. 37వ పటాలం సిపాయిలకి చైనా యుద్ధపు వెండి పతకాలు వచ్చాయి.