ఐదంటే ఐదే!

'గాడ్‌ఫాదర్‌'లో ఫ్రెడో గుర్తున్నాడా? తండ్రి మీద కాల్పులు జరుగుతుంటే చేతిలోని తుపాకీ జారవిడిచి, రోడ్డు పక్కన కూలబడి ఏడ్చే చేతకాని కొడుకు! ఆ పాత్ర వేసింది జాన్‌ కజాల్‌. చేసినవి ఐదే సినిమాలు. ఐదూ ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు పోటీపడ్డాయి, మూడు గెలిచాయి. అతనికి మాత్రం ఒక్క నామినేషనూ దక్కలేదు. పిరికివాడిగా అంత సహజంగా కనిపిస్తే అది నటనని ఎవరికి తడుతుంది!

చివరి సినిమా 'ది డీర్‌ హంటర్‌' నాటికే ఊపిరితిత్తుల క్యాన్సర్‌. అందుకే దర్శకుడు మైఖేల్‌ చిమినో అతని సన్నివేశాలు ముందుగా తీసేశాడు. అందులోనే నటించిన మెరిల్‌ స్ట్రీప్‌ అతని ప్రేయసి. చివరిదాకా పక్కనే ఉండి చూసుకుంది. 1978 మార్చిలో, 42 ఏళ్లకే జాన్‌ కన్నుమూశాడు. సినిమా విడుదలైంది డిసెంబరులో.