పనివాళ్లు పలువురు, నల్లబల్ల ఒక్కటి



మనిషి నడపకుండా తనంతట తానే చేను తిరిగి మందు చల్లే యంత్రాలను గురించి మీరు వినే ఉంటారు. అటువంటి యంత్రంలో ఉన్నది ఒక్క మెదడే అనుకోకండి. అందులో చాలా ప్రోగ్రాములు పనిచేస్తూ ఉంటవి. ఒకటి కెమెరాతో కలుపును గుర్తిస్తుంది. ఒకటి ఉపగ్రహాల సంకేతాలను బట్టి యంత్రం ఎక్కడున్నదో చెబుతుంది. ఒకటి దారి చూస్తుంది. ఇంకొకటి నాజిల్ తెరుస్తుంది. వీటిని తయారుచేసినవారు వేరు వేరు. మరి ఎవరికి వారే యమునా తీరే అన్నట్లు కాకుండా, వీటికి పొత్తు కుదిరేదెట్లా?

ఇందుకొక ఉపాయం చూపినవారిలో మన తెలుగువారొకరు ఉన్నారు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బల రాజగోపాల రెడ్డిగారు. 1970ల్లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో, ఆయనా, ఆయన తోటివారూ మనిషి మాటను గ్రహించే 'హియర్సే-2' అనే ప్రోగ్రామును తయారుచేశారు. అందులో ఒక భాగం ధ్వనులను గుర్తిస్తుంది, ఒకటి మాటలను ఊహిస్తుంది, ఒకటి వాక్యం కుదిరిందా అని చూస్తుంది. ఏదీ మరొకదానితో నేరుగా మాట్లాడదు. అన్నీ ఒకే 'నల్లబల్ల' మీద తమ ఊహను, అది ఎంత నమ్మదగినదో రాస్తవి, మిగిలినవి చదువుకుంటవి. ఒక భాగాన్ని తీసి మరొకటి పెట్టినా తక్కినవాటిని కదపనక్కరలేదు.

అయితే బల్ల ఒకటైతే చాలదు, కొలత కూడా ఒకటి కావలెను. 1999లో అమెరికావారు అంగారకునికి పంపిన ఒక నౌక నాశనమైంది. కారణమేమనగా, ఒక ప్రోగ్రాము పౌండ్ల లెక్కలో రాసిన అంకెలను మరొకటి న్యూటన్ల లెక్కగా తీసుకున్నది.

మన చేలోనూ అంతే. హెక్టారంటే సుమారు 2.47 ఎకరాలు. హెక్టారుకు రాసిన మోతాదును ఎకరానికని తీసుకుంటే, మందు దాదాపు రెండున్నర రెట్లు పడి పైరు మాడిపోవచ్చు. కాలం సంగతీ ముఖ్యమే. గంటకు 5 కిలోమీటర్లు నడిచే యంత్రం అర సెకనులో సుమారు 70 సెంటీమీటర్లు సాగుతుంది. కెమెరా కబురు ఆలస్యమైతే మందు కలుపు మీద గాక పైరు మీద పడుతుంది. కాబట్టి ప్రతి కబురు మీదా వేళ ఉండవలెను.

యంత్రాన్ని అద్దెకు తెచ్చుకునే ముందు ఈ పరీక్షలు చేయించండి. పది సెంట్లలో ఉత్త నీళ్లు చల్లించి, ఖర్చయిన నీటిని పదింతలు చేయండి, ఎకరానికెంతో తేలుతుంది. నిలిచి ఉన్న యంత్రం కెమెరాకు గుడ్డ కప్పి, దూరంగా నిలబడి బయలుదేరమనండి. మంచి యంత్రమైతే కదలదు. కదిలిందా, దానిని మీ చేలో దిగనివ్వకండి.