పగటి వెలుతురున సీతాకోకచిలుక చిత్రము



సీతాకోకచిలుకను పట్టుకొనుట వేఱు. దాని రూపమును పట్టుకొనుట వేఱు. మొదటిదానివలన మన వ్రేళ్లకు రంగు మిగులును, ప్రాణికి ఱెక్క చెడును. రెండవదానివలన ప్రాణికి హాని లేదు, మనకు చిత్రము నిలుచును. పైకప్పు గల తోటలో విడిచిన సీతాకోకచిలుకలను, దీపముల సాయము లేక, పగటి వెలుతురుననే ఛాయాచిత్రము తీయు విధమును నేడు మనవి చేసెదను.

“ఇది పట్టణపు పిల్లల వేడుక గదా, పెన్‌పహాడ్ వంటి పల్లెలలోని వృద్ధులకేల?” అని మీరడుగవచ్చును. కెమేరా గల ఫోను నేడు మనుమని చేతిలో నున్నది. ఏ చెట్టుపై ఏ పురుగు పెరుగునో, ఏ వేళ ఎండ యెట్లు మాఱునో యను తెలివి తాతయొద్ద నున్నది. ఈ రెండును కూడిననే గాని మంచి చిత్రము రాదు.

మన తెలుగువా రనేకులు నివసించు బెంగుళూరునకు దక్షిణముగా బన్నేరుఘట్ట యను చోట, 2006వ సంవత్సరము నవంబరు 25వ తేదీన ఒక సీతాకోకచిలుకల ఉద్యానము ప్రారంభింపబడినది. మన దేశమున ఇట్టివానిలో మొదటిదని దానికి పేరు. ఉద్యానమంతయు 7.5 ఎకరములు. అందు 10,000 చదరపుటడుగుల గుండ్రని మందిరమొకటి కలదు. దాని కప్పు పెంకు కాదు, రేకు కాదు. పాలికార్బనేటు అను, వెలుతురును లోనికి విడుచు పలక. లోపల పూలమొక్కలను పెంచి, కృత్రిమమైన జలపాతమును అమర్చి, గాలిలో తేమ యుండునట్లు చేసి, 20కి పైగా జాతులు బ్రదుకుటకు తగిన యేర్పాటు చేసిరి. నేను నా మనుమనితో గూడ అచ్చట ఒక పూట గడపితిని. ఇందు చెప్పునవి కొన్ని అచ్చట చూచినవి, కొన్ని చదివి తెలిసికొన్నవి.

మొదట వెలుతురును గుఱించి. ఆరుబయట నడినెత్తి యెండలో తీసిన చిత్రమున ఎండ తగిలిన చోటు సున్నము కొట్టినట్లును, నీడపడిన చోటు మసి పూసినట్లును వచ్చును. పలకకప్పు క్రింద ఎండ చెదరి, పలుచని పంచె అడ్డము కట్టిన పందిటిలోవలె, నలుదిక్కులనుండి మెల్లగా వచ్చును. అందుచే ఱెక్కలపై గీతలన్నియు స్పష్టముగా కనబడును. కాని యీ వెలుతురు బయటికంటె తక్కువ. వెలుతురు తక్కువైనపుడు కెమేరా కన్ను ఎక్కువసేపు తెఱచియుండవలెను. ఆ లోపల ఱెక్క కదలిన చిత్రము అలుకుకొనిపోవును. కావున కూర్చున్నదానికి సెకనులో 250వ వంతు, ఎగురుదానికి 1000వ వంతు, లేక అంతకంటె తక్కువ కాలము చాలునట్లు యంత్రమును సవరించుకొనవలెను.

అందులకై కెమేరా కంటిని పెద్దదిగా తెఱచిన మఱియొక చిక్కు కలుగును. దగ్గఱి వస్తువులో కొంతభాగమే స్పష్టముగా వచ్చి, తక్కినది మసకబాఱును. దీనికి ఉపాయమొకటే: ఱెక్క యే తలమున నున్నదో కెమేరాను ఆ తలమునకు సమముగా పట్టవలెను. ఱెక్కలు ముడిచియున్న ప్రక్కనుండియు, విప్పియున్న పైనుండియు తీయవలెను. ఎట్లు తీసినను కన్ను స్పష్టముగా నుండవలెను. కన్ను మసకైనచో ఱెక్క ఎంత మెఱసినను అది జీవమున్న చిత్రము కాదు.

ఇక వేళ. సీతాకోకచిలుక మనవలె తన యొడలి వేడిని తాను నిలుపుకొనజాలదు. ఉదయమున ఎండకు ఱెక్కలు విప్పి, కదలక కూర్చుండి, వెచ్చబడిన పిమ్మట ఎగురును. ఆ కూర్చుండు సమయమే చిత్రమునకు శుభలగ్నము. దానిపై మన నీడ పడరాదు. పడిన వెంటనే లేచిపోవును. తేమగల మందిరములోనికి చల్లని చోటినుండి పోయినపుడు కటకముపై ఆవిరి పట్టును. తొందరపడి తుడువక, యంత్రము వెచ్చబడువఱకు నిలువవలెను.

ఫ్లాషు వెలిగించినచో పని సులువగును గదా యందురా? కొన్ని ఱెక్కలలోని నీలము రంగు వేసినది కాదు. ఱెక్కపై నున్న సన్నని పొలుసుల అమరికవలన, పడిన కాంతి కోణమును బట్టి, ఆ నీలము పుట్టును. ఆంగ్లమున గ్రేట్ ఎగ్‌ఫ్లై అనబడు జాతి మగదానికి నల్లని ఱెక్కలపై తెల్లని మచ్చలు, వాని చుట్టును ఊదా కలిసిన నీలపు మెఱపు ఉండును. ఒక ప్రక్కనుండి చూచిన మెఱయును, ఒక అడుగు జరిగిన మాయమగును. ఎదురుగా కొట్టిన దీపమున కీ మర్మము దొరకదు. ఏటవాలు పగటి వెలుతురున, ఓపికతో అడుగు మార్చుకొనువానికే దొరకును.

ఆనాడు మందిరములో ఒకాయన, తన బిడ్డకు మంచి చిత్రము రావలెనని, ఒకదానిని ఱెక్కలు పట్టి తెచ్చి పూవుపై నుంచెను. ఆయన వ్రేళ్ల కంటిన పొడి ఆ పొలుసులే. అవి రాలిన మరల మొలవవు. ఒక చిత్రమునకై ఆ చిన్ని ప్రాణి చెల్లించిన వెల అది.

పూర్వము వీని పేరు తెలియవలెనన్న చంపి సూదికి గ్రుచ్చవలసి యుండెను. ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మూర్ 1880లో ఒక సీతాకోకచిలుకల ప్రజాతికి “తిరుమల” అని పేరిడెను. నల్లని ఱెక్కలపై లేతనీలి చారలు గల బ్లూ టైగర్ నేటికిని ఆ పేరనే శాస్త్రగ్రంథములలో నున్నది. నేడు పెక్కింటిని గుర్తించుటకు మంచి చిత్రము చాలును, సూది యక్కఱలేదు.

అయితే చిత్రమునకు ముందు ప్రాణి యుండవలెను. ప్రాణికి ముందు చెట్టుండవలెను. మన గట్లపై జిల్లేడు లేనిచో, దాని యాకు తిని పెరుగు నారింజరంగు ప్లెయిన్ టైగర్ అచ్చట పుట్టదు. రేలచెట్టు పచ్చని వలసచిలుకకును, ఆముదపుచెట్టు కాస్టర్ అను గోధుమవన్నెదానికిని పుట్టినిల్లు. నిమ్మ, బత్తాయి, మారేడు ఆకులపై మొదట పిట్టరెట్టవలె, పిదప పచ్చగా కనబడు గొంగళిపురుగే నల్లపసుపు మచ్చల నిమ్మచిలుక యగును. నల్లగొండ, సూర్యాపేట ప్రాంతముల బత్తాయి రైతులకు దానిపై కోపము గలదు. లేతమొక్కలపై అది నిజముగా నష్టకారియే. అచ్చట చేతితో ఏరివేయుట న్యాయము. ఎదిగిన చెట్టు నాలుగాకులు పోయినంతనే చెడదు. ఆ నాలుగాకులకై తోటయంతయు మందు చల్లినచో, మన మనుమలు నిమ్మచిలుకను చూచుటకు బెంగుళూరు టికెట్టు కొనవలసివచ్చును.

ఇంట గెలిచి రచ్చ గెలువుమందురు. ఈ విద్యను రచ్చలో నేర్చినను ఇంటనే గెలువవలెను. ఉదయమున మనుమని వెంటబెట్టుకొని మీ గట్టునకు పొండు. జిల్లేడును చూపుడు, వేళ చెప్పుడు, నీడ పడకుండ నిలువబెట్టుడు. తీసిన ప్రతి చిత్రము క్రింద తేదీయు, ఊరును, చెట్టు పేరును వ్రాయింపుడు. పదియేండ్లకు అది మీ యూరి సీతాకోకచిలుకల చిట్టా యగును. అందు ఏ పేరు లోపించినదో చూచిన, ఏ చెట్టును మరల నాటవలెనో తెలియును.